బిగించని డిస్కులను తప్పుగా బిగించామట: మీ వారంటీ జవాబు మీద ఫిర్యాదు

హనుమకొండ,
9 జూన్ 2025

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: 2011 మోడల్ ఆడి టీటీ కూపే కోసం 12 మార్చి 2025న మీ వద్ద కొన్న చక్రాలు, బ్రేక్ కిట్, కూలింగ్ కిట్‌లలో లోపాలు, వారంటీ నిరాకరణ గురించి.

అయ్యా,

మే 20న మీ కంపెనీ పంపిన మెయిల్ మూడుసార్లు చదివాను. "ధ్రువీకరించిన ఫిట్టింగ్ కేంద్రంలో కాకుండా స్థానిక మెకానిక్ చేత తప్పుగా బిగించుకున్నందువల్ల చక్రాలకు, బ్రేక్ డిస్కులకు, రేడియేటర్‌కు వారంటీ వర్తించదు" అని ఉంది. చక్రాల సంగతి, రేడియేటర్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ఆ బ్రేక్ డిస్కులు ఇప్పటివరకు కారుకు ఎక్కనేలేదు. మీరు పంపిన అట్టపెట్టెలోనే, ఆటోనగర్‌లో మా మెకానిక్ ఉస్తాద్ షెడ్డులో అటక మీద ఉన్నాయి. బిగించని వస్తువును తప్పుగా బిగించడం ఎట్లాగో మీ సాంకేతిక విభాగం వాళ్ళే చెప్పాలి.

నేను ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అడ్తిదారుణ్ణి. కారు 2021లో హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మా ఇంట్లో దాన్ని తెల్ల ఏనుగు అంటారు, అది వేరే సంగతి. వయసు మీద పడ్డ బండి కాబట్టి చక్రాలు, బ్రేకులు, నీళ్ళు చల్లబరిచే సామాను ఒకేసారి మార్చుకుందామనుకున్నాను. ములుగు రోడ్డు మీద మల్లంపల్లి దాటాక ఏ క్షణాన ఏ బర్రె అడ్డం వస్తుందో తెలియదు, అందుకే మంచి బ్రేకులు. మే నెలలో ఏసీ వేసుకుని హనుమకొండ చౌరస్తాలో ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఇంజన్ ఎట్లా ఉడుకుతుందో అనుభవమే, అందుకే రేడియేటర్. రూపం మార్చే పిచ్చి నాకు లేదు. టైరు కూడా ఆ మోడల్‌కు కంపెనీయే ఇచ్చిన 245/40 ఆర్ 18 సైజే ఎంచుకున్నాను. మీ సైటులో మూడింటి కిందా "ఈ కారుకు నేరుగా సరిపోతుంది, ఏ మార్పూ అక్కర్లేదు" అని రాసి ఉంది. చక్రాలకు 92,000, బ్రేక్ కిట్‌కు 74,500, కూలింగ్ కిట్‌కు 41,300, మొత్తం 2,07,800 రూపాయలు ముందే కట్టాను. జీఎస్టీ బిల్లు జతచేశాను.

ముందు చక్రాలు. మార్చి 30న ఎక్కించాం. ఏప్రిల్ 1న జనగామ వైపు పోతే, స్పీడు 90 దాటగానే స్టీరింగ్ వణకడం మొదలైంది. వీల్ బ్యాలెన్సింగ్ రెండుసార్లు చేయించాం, తగ్గలేదు. అప్పుడు ఉస్తాద్ చక్రం విప్పి, మధ్య రంధ్రంలో వెర్నియర్ (సన్నగా కొలిచే పనిముట్టు) పెట్టి చూశాడు. 66.6 మిల్లీమీటర్లు. నా కారు హబ్, అంటే ఆ రంధ్రంలో కూర్చునే భాగం, 57.1. తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల తేడా! ఐదు బోల్టులు, 112 మిల్లీమీటర్ల వలయం అనే కొలత మెర్సిడెస్ కార్లకూ ఉంటుంది. వాటి హబ్ 66.6. ఆ కార్ల కోసం చేసిన చక్రాలను నా కారు పేరు పెట్టి అమ్మారు. అమ్మితే అమ్మారు, మధ్యలో సందు నింపే రింగులైనా పెట్టెలో వేయాల్సింది. అవి లేకపోతే చక్రాన్ని హబ్ మధ్యలో నిలబెట్టేది ఏదీ ఉండదు, ఆ పని కూడా బోల్టుల మీదే పడుతుంది.

ఆ బోల్టుల దగ్గరా అదే కథ. పాత బోల్టులే వాడమని మీ కాగితంలో ఉంది. పాత బోల్టుల తల కింది భాగం గుండ్రంగా, గోళీలా ఉంటుంది. మీ చక్రాల రంధ్రాలు మాత్రం గరాటులా ఏటవాలుగా ఉన్నాయి. ఉస్తాద్ ఒక బోల్టుకు పల్చగా గ్రీజు పూసి, బిగించి, మళ్ళీ విప్పి నాకు చూపించాడు. తల చుట్టూ ఒక్క సన్నని గీత మేరకే గ్రీజు చెరిగింది. అంటే చక్రాన్ని పట్టుకున్నది ఆ గీత మందమే. ఇది చూశాక, బోల్టులు మార్చేదాకా కారు తియ్యలేదు. హైదరాబాద్ నుంచి ఏటవాలు తల బోల్టులు 20 తెప్పించి, లేత్ మీద అల్యూమినియం రింగులు నాలుగు కోయించి, టార్క్ రెంచ్‌తో 120 న్యూటన్ మీటర్లకు బిగించాక వణుకు పోయింది. అన్నీ కలిపి 6,400 అయింది. చక్రాల పోత బాగుంది, ఆఫ్‌సెట్ (చక్రం ఎంత లోపలికి, బయటికి కూర్చుంటుందనే కొలత) సరిపోయింది, అందులో మిమ్మల్ని అనేదేమీ లేదు.

ఇక బ్రేకులు. నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇదే.

కారుకు ముందు ఉన్నవి 312 మిల్లీమీటర్ల డిస్కులు. నేను ఆర్డర్ ఇచ్చినవి 340 మిల్లీమీటర్లవి, 30 మిల్లీమీటర్ల మందం, "సరికొత్తవి". పెట్టె విప్పితే రెండూ తళతళలాడుతున్నాయి. నేనైతే అప్పుడే బిగించమనేవాణ్ణి. ఉస్తాద్ ఒకదాన్ని ఎత్తి, ఇంకోదాన్ని ఎత్తి, "సార్, గీ రెండూ ఒక్క బరువు లేవు" అన్నాడు. మైక్రోమీటర్ తెచ్చి ఒక్కో డిస్కు చుట్టూ ఎనిమిది చోట్ల కొలిచాడు. మొదటిది అంతటా 29.9. రెండోది 28.2. ఇంతకంటే అరిగితే వాడొద్దని డిస్కు మీదే అచ్చు గుద్దిన మందం 27. అంటే కొత్త డిస్కుకు ఉండాల్సిన మూడు మిల్లీమీటర్ల ఆయుష్షులో సగం కంటే ఎక్కువే నా చేతికి రాకముందే అయిపోయింది.

తర్వాత సెల్‌ఫోన్ లైటు వేసి, డిస్కు రెండు పలకల మధ్య గాలి పోయే సందుల్లోకి చూడమన్నాడు. లోపలంతా ఎర్ర తుప్పు. పైముఖాన్ని లేత్ మీద పట్టి మెరిపించొచ్చు, ఆ సందుల్లోకి ఏ పనిముట్టూ పోదు కదా. డిస్కును హబ్‌కు పట్టే చిన్న స్క్రూ రంధ్రం అంచున కూడా ఇదివరకు స్క్రూ కూర్చున్న గుండ్రటి మచ్చ ఉంది, దాని మీద వెండిరంగు కొట్టారు. అయ్యా, మా మార్కెట్‌లో బస్తా పైన ఎర్రని మిర్చి పరిచి అడుగున తాలు పెడితే, పట్టుకున్నాక ఆ మనిషి సరుకును మళ్ళీ ఎవరూ ముట్టుకోరు. మీరు చేసింది సరిగ్గా అదే. ఒక వైపు కొత్తది, ఒక వైపు సాన పట్టిన పాతది. పైగా అది ముందు చక్రాల జత!

అదే పెట్టెలో బ్రేక్ ఆయిల్ డబ్బాలు రెండు. బిల్లులో "డాట్ 5.1" అని ఉంది. డబ్బా మీద "డాట్ 5" అని ఉంది. ఒక చుక్క, ఒక ఒకటి తేడా, ఏమవుతుందిలే అని నాకూ అనిపించింది. ఉస్తాద్ చాయ్ గ్లాసులో కొంచెం పోశాడు. "ఏంది సార్ గిది, ద్రాక్షరసం లెక్క ఊదా రంగుంది. గిది పోస్తే మీ బ్రేకులు నీళ్ళు నీళ్ళయితయ్." డాట్ 5 సిలికోన్ ఆధారంగా చేసేది. డాట్ 3, 4, 5.1 మూడూ గ్లైకాల్ ఆధారంగా చేసేవి. ఈ రెండు జాతులూ కలవవు. పైపుల్లో గ్లైకాల్ ఆయిల్ ఉన్న ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) కారులో సిలికోన్ పోస్తే లోపల బుడగలు పట్టి పెడల్ మెత్తబడుతుంది. నేను 5.1 అడిగింది దాని మరిగే ఉష్ణోగ్రత కోసం: కొత్తగా ఉన్నప్పుడు కనీసం 260 డిగ్రీలు, తేమ పీల్చాక 180. డాట్ 4కు అవే 230, 155. ఆ మాత్రం తెలుసుకునే డబ్బు కట్టాను. ఉస్తాద్ గ్లాసులో పోసి చూడకుండా నేరుగా పోసి ఉంటే ఈ ఉత్తరం ఎవరు రాసేవారో నాకు తెలియదు.

ఏప్రిల్ 2న చక్రాల గురించి, ఏప్రిల్ 7న డిస్కుల గురించి, ఆయిల్ గురించి ఫొటోలతో మీకు మెయిల్ పెట్టాను. జవాబు లేదు. ఫోన్ చేస్తే మీ కస్టమర్ కేర్ అమ్మాయి, పాపం మర్యాదగానే, "వరంగల్ లాంటి చోట ఇలాంటి కార్లు బిగించేవాళ్ళు ఉండరు కదా సార్, హైదరాబాద్‌లో చూపించండి" అంది. ఆమె మీద నాకు కోపం లేదు, ఎవరో రాసిచ్చిందే చదివి ఉంటుంది. ఆ రాసిచ్చినవాళ్ళను ఒకసారి ఆటోనగర్ తీసుకొస్తే బాగుండు.

రేడియేటర్ ఒక్కటే అనుమానం రాలేదు కాబట్టి బిగించాం. ఉస్తాద్ చేతిపంపుతో ప్రెషర్ పెట్టి, ఇరవై నిమిషాలు ముల్లు కదలలేదని చూశాకే నీళ్ళు పోశాడు. మే 4, ఆదివారం, హైదరాబాద్‌లో మా బావమరిది కూతురి పెళ్ళి. మధ్యాహ్నం ఎండలో రఘునాథపల్లి దాటాక డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపం. బానెట్ సందుల్లోంచి తీపి వాసనతో ఆవిరి. కారు పక్కకు తీసి ఉస్తాద్‌కు ఫోన్ చేస్తే, నేను నోరు తెరవకముందే "మూత తియ్యకు సార్, మొకం కాలుతది" అన్నాడు. ప్రెషర్‌లో ఉన్న నీళ్ళు వంద దాటినా మరగవు, మూత తీశామంటే ఒక్కసారిగా ఆవిరై ఎగజిమ్ముతాయి. గంటంబావు వేపచెట్టు కింద నిలబడ్డాం. మా ఆవిడ పట్టుచీర కొంగు నెత్తిన కప్పుకుని, ఒక్క మాటా అనలేదు. అన్నా బాగుండేది. పెళ్ళికి పోలేదు. రికవరీ వ్యాన్‌కు 6,500 ఇచ్చి కారును వెనక్కి తెచ్చుకున్నాం.

మర్నాడు చూస్తే, పై పైపు తగిలే మెడ దగ్గర అల్యూమినియం వెల్డింగులో గుండుసూది మొనంత బెజ్జం. చల్లగా ఉన్నప్పుడు మూసుకుని, వేడికి సాగినప్పుడు తెరుచుకుంటోంది. మే 5న ఫొటో, వీడియో పంపాను. మే 20 జవాబులో మీరు రాసింది: "క్లాంపును మోతాదుకు మించి బిగించడం వల్ల మెడ పగిలింది." ఆ చోట క్లాంపు లేదు. ఈ కారు పైపులు ఓ-రింగుతో లోపలికి జారి, తీగ క్లిప్పుతో టక్కున పడతాయి. బిగించడానికి స్క్రూనే లేదు. మీ రేడియేటర్ కూడా ఆ క్లిప్పుకే తయారైంది. అంటే నేను పంపిన ఫొటో మీ దగ్గర ఎవరూ తెరిచి చూడలేదు.

2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. ఏప్రిల్‌లో పెట్టిన రెండు మెయిళ్ళకు ఆ గడువు ఎప్పుడో దాటింది. లోపమున్న సరుకును, చెప్పినదానికి సరిపోని సరుకును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదని కూడా అదే నియమాల్లో ఉంది.

నాకు కావలసింది ఇదీ. డిస్కుల జత, ఆయిల్ వెనక్కి తీసుకుని బిల్లులో వాటికి వేసిన 28,000 ఇవ్వండి. కూలింగ్ కిట్‌కు కట్టిన 41,300 పూర్తిగా తిరిగి ఇవ్వండి, మీ ఇంకో రేడియేటర్ నాకు వద్దు. రింగులు, బోల్టులకైన 6,400, రికవరీ వ్యాన్‌కైన 6,500 కలిపి మొత్తం 82,200 రూపాయలు. చక్రాలు ఉంచుకుంటాను. డబ్బు కాక ఇంకొకటి: "స్థానిక మెకానిక్ తప్పుగా బిగించాడు" అన్న మాట తప్పని కంపెనీ కాగితం మీద రాసి పంపండి. ఆ మెయిల్ నేను ఉస్తాద్‌కు చదివి వినిపించాను. చెయ్యి తుడుచుకుంటూ నవ్వాడు కానీ, ఆ రోజు చాయ్ తాగలేదు.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేసి, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను. కొన్నవాడు ఉండే ఊళ్ళోనే కేసు వేసుకోవచ్చు, ఇంత మొత్తానికి కోర్టు ఫీజు కూడా లేదు. కొలిచిన కాగితాలు, ఫొటోలు, లేత్ బిల్లు, వ్యాన్ రసీదు జతచేశాను.

డిస్కులు, ఆయిల్, రేడియేటర్ తీసుకుపోవడానికి కొరియర్ మనిషిని ఆటోనగర్ షెడ్డుకే పంపండి. పొద్దున తొమ్మిది తర్వాత ఎప్పుడైనా తెరిచే ఉంటుంది. శుక్రవారం మధ్యాహ్నం మాత్రం వద్దు, ఉస్తాద్ నమాజుకు పోతాడు.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
మిర్చి అడ్తిదారు, ఎనుమాముల, వరంగల్