ఒకటో తరగతికి వచ్చినప్పుడు వర్క్‌బుక్ అడగకండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఒకటి, రెండు తరగతులకు చదువు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచరును. పీఆర్సీ (జీతాల సవరణ) గురించో, బదిలీల గురించో రాస్తున్నానని అనుకోకండి, వాటి సంగతి చూసుకోవడానికి సంఘాలున్నాయి. చిన్న తరగతుల పిల్లలకు చదువు అబ్బే తీరుకూ, తనిఖీలో మమ్మల్ని అడిగే వాటికీ పొంతన కుదరడం లేదని చెప్పడానికే ఈ లేఖ.

మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలి, చిన్న లెక్కలు చేయగలగాలి అన్నది 2021 జూలైలో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యం. గడువు 2026-27. లక్ష్యంతో నాకు పేచీ లేదు. కానీ దాన్ని కొలవడానికి మా ముందుకు వచ్చేవి నింపిన వర్క్‌బుక్ పేజీలు, యాప్‌లో ఎక్కించిన మార్కులు, ఫొటోలు. పేజీ నింపించడమంత తేలిక పని మరొకటి లేదండీ. బోర్డు మీద జవాబులు రాస్తే తరగతి మొత్తం ఐదు నిమిషాల్లో దించేస్తుంది. ఎర్ర ఇంకు టిక్కులు చూసి వచ్చినవారు సంతోషంగా వెళ్లిపోతారు.

32లోంచి 8 తీసివేయడమే తీసుకోండి. రెండులోంచి ఎనిమిది పోదు కాబట్టి పక్కనుంచి ఒకటి అప్పు తెచ్చుకోవాలని మనమందరం నేర్చుకున్నవాళ్లమే. పక్కన ఒకటిగా ఉన్నది ఇటు రాగానే పది ఎలా అయిందని ఏడేళ్ల పిల్ల అడిగితే దానికి జవాబు బోర్డు మీద దొరకదు. నేను కొబ్బరి ఈనెలు ముక్కలు చేసి, పదేసి చొప్పున రబ్బరు బ్యాండు వేసి ఇస్తాను. మూడు కట్టలు, రెండు విడి పుల్లలు. ఎనిమిది ఇవ్వమంటే పిల్ల ముందు ఆ రెండూ చేతిలో పెడుతుంది. తర్వాత కట్టల వంక, నా వంక చూస్తుంది. విప్పమని నేను చెప్పను. కాసేపు తటపటాయించి తనే బ్యాండు లాగేస్తుంది, పుల్లలు నేల మీద చెల్లాచెదురుగా పడతాయి, అందులోంచి ఆరు ఏరి ఇస్తుంది. రెండు కట్టలు, నాలుగు పుల్లలు మిగులుతాయి. ముందు రెండు, తర్వాత ఆరు ఇవ్వడం మనం బోర్డు మీద చేసే పద్ధతి కాదు, ఆ పిల్ల సొంత పద్ధతి. దీనికి ఒక పీరియడు పూర్తిగా పడుతుంది. ఆ రోజు వర్క్‌బుక్‌లో ఒక్క పేజీ కూడా నిండదు. రికార్డుల ప్రకారం ఆ రోజు నేను పని ఎగ్గొట్టినట్టే.

చదవడం విషయంలోనూ ఇదే తంతు. 56 అక్షరాలూ వరసగా దిద్దించి, గుణింతాలన్నీ వల్లె వేయించాకే పదాల దగ్గరికి వెళితే, పిల్లవాడు తనంతట తాను ఒక మాట చదవడానికి నెలలు పడుతుంది. ఈలోపు చదువంటే అరవడమేనని వాడు తీర్మానించుకుంటాడు. ప, ల, క, డ అనే నాలుగు అక్షరాలు అట్టముక్కల మీద రాసి ఇచ్చి చూడండి. పలక, కలప, పడక, కడప అన్నీ అందులోనే వస్తాయి. దీర్ఘం, కొమ్ము కలిపితే పాలు, కాలు, కాడలు, పులులు. ముక్కలు జరుపుతూ పిల్లలు అర్థం లేని మాటలు కూడా పుట్టించి పగలబడి నవ్వుతారు. నవ్వనివ్వాలి. అది అర్థం లేని మాట అని తెలిసిందంటే చదివినట్టే కదా!

ఇలాంటి సామగ్రికి పెద్ద ఖర్చు లేదు. టీఎల్ఎం (బోధన సామగ్రి) మేళాల కోసం రాత్రులు కూర్చుని థర్మోకోల్ మీద మెరుపు కాగితాలు అంటించేవాళ్లం మేమే, మేళా అవగానే పిల్లల చేయి తగలకుండా వాటిని బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్లమూ మేమే. ఫొటోలో ఈనెపుల్లలు ఏం బాగుంటాయి మరి!

శనివారం నో బ్యాగ్ డే అన్నారు, మంచి మాట. ఆ రోజు అష్టాచెమ్మా ఆడించడానికి అభ్యంతరం ఉండకూడదు. నాలుగు గవ్వలు వేసి, ఎన్ని వెల్లకిలా పడ్డాయో చూసి, ఉన్న గడి నుంచి అన్ని గడులు ముందుకు జరపడమంటే కూడికే. గవ్వలు లేకపోతే ఒకవైపు అరగదీసిన చింతపిక్కలు చాలు.

ఇవన్నీ ఒక మనిషి చేయాలంటే ఆ మనిషి గదిలో ఉండాలి. బడులకు టీచర్ల సర్దుబాటు మీద వచ్చిన జీవో 117ను పక్కన పెట్టి, మోడల్ ప్రైమరీ స్కూళ్లలో తరగతికో టీచరు అన్నారు, అక్కడి పిల్లలు అదృష్టవంతులు. చిన్న ఊళ్ల సంగతేమిటి? 2009 విద్యా హక్కు చట్టం 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు ఉండాలంటుంది. ఐదు తరగతులకు ఒకే టీచరున్న చోట, ఆవిడ మీటింగుకు వెళ్లిన రోజు ఈనెలు, అట్టముక్కలు ఏ మూలన ఉంటే ఆ మూలనే ఉంటాయి. ముందు అలాంటి బడుల్లో రెండో మనిషిని ఇవ్వండి.

రెండోది, పైసా ఖర్చు లేనిది. ఎంఈఓలు (మండల విద్యాధికారులు), కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల సముదాయం) హెచ్ఎంలు ఒకటి, రెండు తరగతులకు వచ్చినప్పుడు రిజిస్టర్లు, వర్క్‌బుక్‌లు అడగవద్దని ఒక సర్క్యులర్ ఇవ్వండి. పిల్లలు ఎప్పుడూ చూడని నాలుగు వాక్యాలు కాగితం మీద రాసుకొని వచ్చి, నేల మీద వాళ్ల పక్కన కూర్చుని చదివించమనండి. గుప్పెడు చింతపిక్కలు పోసి పదులుగా పేర్చి లెక్కపెట్టమనండి. చేయలేని పిల్లలు కనిపిస్తే టీచరుకు మెమో ఇవ్వకుండా, తర్వాతి కాంప్లెక్స్ మీటింగులో ఓ గంటసేపు ఆ ఒక్క విషయమే మాట్లాడనివ్వండి. ఇప్పుడు ఆ మీటింగుల్లో ఎక్కువ సమయం యాప్ వివరాలు ఎందుకు పెండింగులో ఉన్నాయన్న దానికే పోతోంది.

మీరూ ఎప్పుడైనా ముందుగా చెప్పకుండా ఏదైనా చిన్న బడికి రండి. కుర్చీ వేయించుకోకండి.

ఇట్లు,
ఒకటి, రెండు తరగతుల ఉపాధ్యాయురాలు