కాచిగూడ స్టేషన్ గురించి దక్షిణ మధ్య రైల్వే జనరల్ మేనేజర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

హైదరాబాద్ కాచిగూడ స్టేషన్లో రోజూ ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు ఎక్కి దిగే జనంలో తలెత్తి ఆ గుమ్మటాలను చూసేవాళ్లు తక్కువ. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, 1916లో కట్టిన భవనం అది. నిజాం రైల్వేకు ప్రధాన కేంద్రంగా వెలిగింది. పరదా పాటించే స్త్రీల కోసం అప్పట్లోనే వేరే ఏర్పాటు ఉండేది. నాకైతే ఈ ఒక్క సంగతి చాలు, ఆ కాలమంతా కళ్లకు కడుతుంది. తర్వాత మీటర్ గేజ్ పట్టాలు పోయి, వాటికన్నా వెడల్పైన బ్రాడ్ గేజ్ వచ్చింది. 2003లో నగరంలో లోకల్ రైళ్లు మొదలయ్యాయి. ఫలక్‌నుమా దారిలో అవీ ఇక్కడ ఆగుతున్నాయి.

ఈ చరిత్రను తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషుల్లో పెద్ద బోర్డు మీద రాయించండి. టికెట్ లైన్లో నిలబడ్డవాళ్లకు కనబడేలా పెట్టించండి.

అంతకన్నా ముఖ్యమైనది మరమ్మతుల సంగతి. పాత గోడలకు సిమెంటు పూత వేయనివ్వకండి. సున్నపు గోడ తేమను బయటికి వదులుతుంది. సిమెంటు దాన్ని లోపలే బంధించి గోడను గుల్ల చేస్తుంది. లిఫ్టులు, షెడ్లు ఎన్నైనా కట్టండి, ముఖద్వారం మాత్రం మూసుకుపోకూడదు. సున్నం పని తెలిసిన మేస్త్రీలు ఇంకా ఉండగానే ఆ పని వాళ్లకు అప్పగించమని వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక ప్రయాణికుడు