మా కొబ్బరితోట తిరిగి మా చేతికి వచ్చింది: తోడు నిలిచిన వారందరికీ కృతజ్ఞతలు

గ్రామ పెద్దలకు, బంధుమిత్రులకు, సైన్యంలో నాతో కలిసి పనిచేసిన సోదరులకు నమస్కారం.

వైనతేయ పాయ గట్టును ఆనుకుని ఉన్న మా ఎకరం నలభై సెంట్ల కొబ్బరితోటకు పట్టాదారు పాసుపుస్తకం మా కుటుంబం పేరు మీద వచ్చింది. మా నాన్నగారు 1997లో భోగ్యానికి (అప్పు తీరే వరకు ఫలసాయం అనుభవించేలా తనఖాకు) రాసిచ్చిన ఆ తోట ఇన్నేళ్లూ ఇతరుల సొత్తుగా రికార్డుల్లో చెలామణి అయింది. దాన్ని విడిపించుకోవడం నా ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. నాకు సాయపడినవారు ఏ సమయంలో ఏం చేశారో వివరంగా చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను, ఎందుకంటే అందరికీ కలిపి ఒక్క ముక్కలో ధన్యవాదాలు చెప్పి ఊరుకుంటే వారు పడిన శ్రమ ఎవరికీ తెలియకుండా పోతుంది. తమ పేర్లు రాయవద్దని చాలామంది కోరారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు.

1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను గురించి కోనసీమ వారికి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. మా తోటలో సగానికి పైగా చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి, నిలబడినవాటిలో కొన్నింటికి మొవ్వు విరిగిపోయింది. వరి పోతే మళ్లీ పంటకు కోలుకోవచ్చు గాని, దేశవాళీ కొబ్బరి మొక్క నాటితే కాపు చూడటానికి ఆరేడేళ్లు ఆగాలి. అప్పటికే చెల్లెలి పెళ్లి కుదిరి ఉంది. నాన్నగారు అరవై వేల రూపాయలకు, పదేళ్ల గడువుతో, స్వాధీన తనఖా దస్తావేజు రాసి రిజిస్టరు చేయించారు. వడ్డీకి బదులు ఫలసాయం వారు అనుభవించాలి, గడువు తీరాక అసలు చెల్లిస్తే తోట మాకు వదిలిపెట్టాలి. ఇదీ ఒప్పందం.

నేను 1989లో గోల్కొండలోని ఆర్టిలరీ సెంటర్‌లో శిక్షణ పొంది ఫిరంగి దళంలో చేరాను. 1999లో కార్గిల్ యుద్ధం జరిగినప్పుడు మా బోఫోర్స్ ఫిరంగులు ద్రాస్ సెక్టారులో ఉన్నాయి. నాన్నగారు 2001లో కాలం చేశారు. భోగ్యం గడువు తీరాక నేను డబ్బు తీసుకుని వెళితే, మీ నాన్న ఎప్పుడో అమ్మేశాడని అవతలి వారు సమాధానం చెప్పారు. కొంతకాలానికి ఆన్‌లైన్‌లో 1బి, అడంగల్ అనే భూమి రికార్డులు చూస్తే మా పేరు ఎక్కడా లేదు. అడంగల్‌లో అనుభవదారు గడిలో ఉండవలసిన పేరు ఏ సంవత్సరంలోనో పట్టాదారు గడిలోకి కూడా ఎక్కింది. ఆ మార్పుకు ముందు నోటీసు ఎవరికి ఇచ్చారో చూపించే కాగితం దస్త్రంలో దొరకలేదు.

మొదట కలిసిన వారిలో ఎక్కువమంది, భూమి వేరేవారి చేతిలో ఉండి పన్నెండేళ్లు దాటితే దావాకు గడువు పోతుంది కదా, ఇంక ఆశ వదులుకోమన్నారు. ఆ మాట పట్టుకుని చాలాకాలం నేను కుంగిపోయాను. అమలాపురంలో ఉన్న మా న్యాయవాది గారు మాత్రం దస్తావేజు నకలు మొదటి నుంచి చివరి దాకా చదివి, ఇది పన్నెండేళ్ల లెక్కలోకి వచ్చే వ్యవహారం కాదని తేల్చి చెప్పారు. తనఖా విడిపించుకునే దావాకు లిమిటేషన్ చట్టమే 30 ఏళ్ల గడువు ఇచ్చిందని, స్వాధీన తనఖా విషయంలో ఆ గడువు సైతం దస్తావేజు రాసిన తేదీ నుంచి లెక్కకు రాదని సింగ్ రామ్ కేసులో సుప్రీంకోర్టు 2014లో స్పష్టం చేసిందని ఆమె వివరించారు. తీసుకున్న డబ్బు చెల్లించే వరకు తనఖా తనఖాగానే ఉంటుందని ఆమె చెప్పిన రోజున నాకు మళ్లీ ధైర్యం వచ్చింది. యుద్ధ పరిస్థితుల్లో పనిచేసిన కాలాన్ని సైనికుడి దావా గడువులోంచి మినహాయించే చట్టం ఒకటి 1925 నుంచే ఉందని కూడా ఆమె చెబితేనే తెలిసింది. మా కేసులో దాని అవసరం పడలేదు గాని, ఇన్నేళ్లు యూనిఫాం వేసుకున్న నాకు ఆ సంగతి తెలియకపోవడం చూసి, మిగతా సోదరులకైనా తెలియాలని ఇక్కడ రాస్తున్నాను. అవతలి వారు డబ్బు పుచ్చుకోనప్పుడు ఆస్తి బదిలీ చట్టం 83వ సెక్షన్ కింద దాన్ని కోర్టులో జమ చేయవచ్చని సలహా ఇచ్చి, ఆ దరఖాస్తును కూడా ఆమే స్వయంగా రాశారు. ఫీజు సంగతి ఎత్తినప్పుడల్లా, ముందు తోట రానివ్వండి అంకుల్ అనేవారు. తోట వచ్చాక కూడా టైపింగు ఖర్చులు తప్ప పైసా తీసుకోలేదు. ఆమెకు నేను జీవితాంతం రుణపడి ఉంటాను.

దావా వేశాక అవతలి వారు తెల్లకాగితం మీద రాసిన ఒక క్రయపత్రం కోర్టులో దాఖలు చేశారు. నాన్నగారు తోటను పూర్తిగా అమ్మినట్టు అందులో ఉంది. రిజిస్టరు కాని కాగితంతో హక్కు బదిలీ కాదన్నది ఒక వాదన. అయితే ఆ కాగితంలో సాక్షిగా నా పేరు, నా సంతకం కనిపించడం నన్ను ఎక్కువ బాధపెట్టింది. దాని తేదీ 1999 జూలై మొదటి వారం. టైగర్ హిల్ మన చేతికి వచ్చిన వారం అది. ఆ రోజుల్లో మా బ్యాటరీలో (ఫిరంగుల దళంలో) ఎవరికీ సెలవులు లేవు, రాత్రింబవళ్లు ఫిరంగుల దగ్గరే ఉన్నాం. అలాంటి సమయంలో నేను కోనసీమలో అరుగు మీద కూర్చుని సాక్షి సంతకం పెట్టానని ఆ కాగితం చెబుతోంది.

నేను అక్కడ ఉన్నానని నాకు తెలుసు గాని, కోర్టుకు రుజువు కావాలి. ఈ దశలో నాకు అండగా నిలిచినవారు ముగ్గురు. మొదటివారు తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరానికి చెందిన మా పాత సుబేదార్ సాబ్. సెలవులు, బదిలీలు, హాజరు అన్నీ పార్ట్ టూ ఆర్డర్లు అనే సైనిక ఉత్తర్వుల్లో ప్రచురితం అవుతాయని, నాసిక్ రోడ్ క్యాంపులోని ఆర్టిలరీ రికార్డ్స్‌కు ఆర్మీ నంబరు, యూనిట్, కాలం స్పష్టంగా రాసి అడిగితే ధ్రువీకరణ ఇస్తారని చెప్పి, ఆ ఉత్తరాన్ని హిందీలో తానే రాసిపెట్టారు. డెబ్బై దాటిన వయసులో, మోకాళ్ల నొప్పులతో, మా కోసం బస్సు ఎక్కి గోదావరి దాటి వచ్చారు. రెండోవారు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలోని సిబ్బంది. నా అర్జీని పక్కన పడేయకుండా, రికార్డ్స్ నుంచి జవాబు వచ్చే వరకు వెంటపడి, వచ్చిన రోజునే నాకు ఫోను చేశారు. ఆ నెలల్లో నేను సెలవులో లేనని, ఆపరేషన్ విజయ్‌లో, అంటే కార్గిల్ పోరులో ఉన్నానని ఆ ధ్రువపత్రంలో ఉంది.

మూడోది మా చెల్లెలు. ఏ పెళ్లి కోసం తోట భోగ్యానికి పోయిందో ఆ పెళ్లికూతురే, అమ్మ పోయాక ఇంట్లోని ట్రంకు పెట్టెను పాలకొల్లులోని తన అత్తవారింటికి తీసుకువెళ్లి భద్రపరిచింది. అందులో అమ్మ దాచిన నా ఉత్తరాలు ఉన్నాయి. 1999 జూలైలో నేను నాన్నగారికి రాసిన నీలం ఇన్‌ల్యాండ్ లెటరు ఒకటి వాటిలో దొరికింది. మడతల దగ్గర చిరుగులు పడ్డాయి, ఒక అంచును చెదలు కొట్టేశాయి, కానీ 56 ఏపీఓ (సైనిక తపాలా కార్యాలయం) గుండ్రని ముద్ర, అందులోని తేదీ చెక్కుచెదరలేదు. యుద్ధం గురించి ఒక్క అక్షరం లేదు, రాయకూడదు కూడా. నేను క్షేమం అన్న మాట తర్వాత, భోగ్యం సొమ్ములో సగం కూడబెట్టాను, మిగిలింది జమ చేసి గడువు తీరగానే తోట విడిపిద్దాం, బోదె (మురుగు కాలువ) పక్కనున్న నాలుగు చెట్లు మాత్రం నరకనివ్వకండి అని రాసుకున్నాను. అమ్మేశారని చెబుతున్న తోట గురించి అదే నెలలో కొడుకు తండ్రికి ఇలా ఎందుకు రాస్తాడని మా న్యాయవాది గారు అడిగినప్పుడు అవతలి వైపు నుంచి జవాబు రాలేదు. అన్నయ్యా, ఈ తోట నా వల్లే పోయిందని నేను ఇన్నేళ్లూ ఏడ్చాను అని ఆ రోజు కోర్టు వరండాలో చెల్లెలు నాతో చెప్పింది. ఆమె వల్ల పోలేదు, తుపాను వల్ల పోయింది. ఆమె వల్లే తిరిగి వచ్చిందని అందరి ముందూ చెప్పాలనే ఈ సంగతి రాశాను.

మా తోటలో నాన్నగారి కాలం నుంచి చెట్లెక్కి కాయల దింపు తీసిన తాతకు ప్రత్యేకంగా నమస్కరిస్తున్నాను. ఆయనకు చదువు రాదు, ఈ వయసులో చెట్టు ఎక్కలేరు. అవతలి వారి దగ్గర కూలికి వెళ్లే కుటుంబం కాబట్టి సాక్ష్యం చెప్పవద్దని ఆయన మీద ఒత్తిడి వచ్చిందని తర్వాత తెలిసింది. అయినా ఆయన కోర్టుకు వచ్చి, భోగ్యం తోటలో దింపు ఉంది రమ్మని అవతలి ఇంటి పెద్దాయనే ఏళ్ల తరబడి తనను పిలిచేవారని ఉన్నదున్నట్టు చెప్పారు. ఆ ఒక్క మాట మా కాగితాలన్నింటికీ బలం ఇచ్చింది. ఆ తర్వాత మండల సర్వేయరు గారు ఎఫ్ఎంబీ (పొలం కొలతల) పటం పట్టుకుని కొలతకు వచ్చిన రోజున, ఈశాన్యం వైపు హద్దురాయి కనిపించక అందరం తడబడుతుంటే, తాత చేతికర్రతో బోదె గట్టు మీద ఒకచోట పొడిచి తవ్వమన్నారు. రెండడుగుల లోతులో, కొబ్బరి వేళ్లు చుట్టుకుపోయిన రాయి బయటపడింది. సర్వేయరు గారి కొలతకు అది సరిగ్గా సరిపోయింది.

వ్యవహారం చివరికి జాతీయ లోక్ అదాలత్‌లో రాజీతో ముగిసింది. అవతలి వారి మనవడు, ఉద్యోగం చేసుకుంటున్న కుర్రవాడు, ఆ ఉత్తరం, రికార్డ్స్ ధ్రువపత్రం చూశాక ఇంట్లో పెద్దలను ఒప్పించాడు. అతనికి కూడా నా కృతజ్ఞతలు. కోర్టులో జమ అయిన అసలు సొమ్ము వారు తీసుకున్నారు, తోట మాకు వదిలారు. 1999 తర్వాత వారు నాటిన చెట్లకు ఇద్దరికీ అంగీకారమైన మొత్తం నేను ఇచ్చాను, ఎందుకంటే ఆ కాగితం ఎవరు పుట్టించినా, మొక్క నాటి నీరు పోసిన చేతికి విలువ ఇవ్వకపోవడం న్యాయం కాదనిపించింది. దొంగ సంతకం గురించి వేరే కేసు పెట్టమని కొందరు మిత్రులు గట్టిగా చెప్పారు. ఆ కాగితం రాయించిన పెద్దమనిషి ఇప్పుడు లేరు, ఉన్నవారితో రేపటి నుంచి ఒకే గట్టు మీద నడవాలి. అందుకే వద్దనుకున్నాను. లోక్ అదాలత్ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు కూడా వెనక్కి వస్తుంది. అవార్డు నకలు అందాక మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) పని జాప్యం లేకుండా పూర్తి చేసిన మా సచివాలయం వీఆర్వో గారికి, తహసీల్దారు గారికి ధన్యవాదాలు.

వాయిదా ఉన్న ప్రతిసారీ మాజీ సైనిక సోదరుల్లో ఒకరిద్దరు ఇస్త్రీ చొక్కా మీద మెడల్ రిబ్బన్లు పెట్టుకుని వచ్చి, సాయంత్రం దాకా నా పక్కన కూర్చునేవారు. వారు మాట్లాడేది తక్కువ. అంతమంది నా కోసం వచ్చి కూర్చున్నారన్న ధైర్యమే నన్ను నిలబెట్టింది. కోర్టులో జమ చేయడానికి నాకు తక్కువ పడిన డబ్బును వడ్డీ లేకుండా సర్దిన మా బావమరిదికి, పింఛనులో ఇంటి ఖర్చు పోను మిగిలిన ప్రతి రూపాయినీ ఈ కేసుకే ఇచ్చి ఒక్కనాడూ ఇది ఎందుకని అడగని నా భార్యకు ఎలా కృతజ్ఞత చెప్పాలో నాకు తెలియడం లేదు.

ప్రస్తుతం తోట స్థితి అంత బాగా లేదు. ఆకుల అడుగున తెల్లదోమ, దాని వల్ల కింది మట్టల మీద నల్లని మసి పట్టి ఉన్నాయి. మురుగు బోదె పూడిపోయింది. మా వీధి కుర్రవాళ్లు ఒక ఆదివారం అంతా పలుగు పారలతో దిగి బోదె పూడిక తీశారు. అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం వారు తెల్లదోమకు రసాయనాలు కొట్టవద్దని, మిత్రపురుగులను బతకనివ్వమని సలహా ఇచ్చి, ఖాళీల్లో నాటడానికి గోదావరి గంగ అనే సంకర కొబ్బరి మొక్కల గురించి చెప్పారు. ఈ వర్షాకాలంలో వాటిని నాటుతాం.

భోగ్యంలోనో, మక్తా (కౌలు) లోనో భూమి చిక్కుకుపోయిన సైనిక కుటుంబాలు మన లంకల్లో ఇంకా ఉన్నాయని ఈ కేసు తిరుగుతున్న రోజుల్లో విన్నాను. దావా ప్రతి, ఆర్టిలరీ రికార్డ్స్‌కు రాసిన ఉత్తరం నమూనా, 83వ సెక్షన్ దరఖాస్తు, అవార్డు నకలు నా దగ్గర ఉన్నాయి. కావలసినవారు మా ఇంటికి వచ్చి జిరాక్సు తీసుకోవచ్చు, ఈసీ (భూమి మీద జరిగిన లావాదేవీల పత్రం) ఎలా తీయించాలో తెలియని వారితో సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు నేనే వస్తాను.

కృతజ్ఞతలతో,
ఒక విశ్రాంత హవల్దారు, ఆర్టిలరీ