ఆగిపోయే ఇంజన్‌కు ముందు పరీక్ష, ఆ తరువాతే విడిభాగం

సంపాదకులకు,

నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోయి, కాసేపటికి ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టయ్యే పాత కారు గురించి ఒక పాఠకుడు అడిగిన ప్రశ్నకు, గత వారం మీ మోటారు శీర్షికలో ప్లగ్గులు, ఫ్యూయల్ ఫిల్టరు, ఫ్యూయల్ పంపు వరుసగా మార్చి చూడమని సమాధానం ఇచ్చారు. ఏడాది క్రితం నేను సరిగ్గా ఆ మూడింటినీ, అదే వరుసలో మార్పించాను కనుక ఈ ఉత్తరం రాయవలసి వచ్చింది. తీసేసిన మూడూ బాగానే ఉన్నాయి. లోపం నాలుగో చోట ఉంది.

ఈ జబ్బులో అసలు చిక్కు ఏమిటంటే, మెకానిక్ బానెట్ ఎత్తే సమయానికి ఇంజన్ చక్కగా తిరుగుతూ ఉంటుంది. లోపం కనబడనప్పుడు ఆయన చేయగలిగింది ఊహించడమే. అందువల్ల సగం పరిశోధన కారు నడిపేవారే చేయాలి, దానికి కావలసిన పనిముట్టు ఒక నోటు పుస్తకం. ఆగినప్పుడు ఇంజన్ ఎంతసేపటి నుంచి నడుస్తోంది, ట్యాంకులో పెట్రోలు ఎంత ఉంది, బండి వేగంలో ఉందా లేక నిలబడి ఐడ్లింగ్‌లో ఉందా, గతుకుల్లో పడిందా, వాన పడుతోందా, మళ్లీ స్టార్టు కావడానికి ఎన్ని నిమిషాలు పట్టింది అన్నవి ప్రతిసారీ రాసుకోవాలి. నాలుగైదు సార్లు రాసేసరికి, యాదృచ్ఛికమని మనం అనుకున్నదానికి ఒక పద్ధతి ఉన్నట్టు తరచుగా తేలుతుంది.

ఆగే తీరు మరీ ముఖ్యం. జర్కులు కొట్టి, యాక్సిలరేటరు తొక్కినా పుంజుకోలేక, నీరసించి ఆగితే ఇంధనం అందడం లేదని అనుమానించాలి. స్విచ్చి కట్టేసినట్టు ఒక్కసారిగా ఆగితే కరెంటు వైపు చూడాలి. ఇది తిరుగులేని సూత్రం కాదు, ఎందుకంటే పంపు రిలే (పంపుకు కరెంటు అందించే చిన్న స్విచ్చి) తెగిపోయినా ఇంజన్ చాలా త్వరగానే ఆగుతుంది. అయినా మొదటి అడుగు ఎటు వేయాలో ఇది చెబుతుంది. కారు గేరులో ఉండి ఇంకా దొర్లుతున్నప్పుడే, అంటే చక్రాలు ఇంజన్‌ను తిప్పుతూ ఉండగానే, ఇంజన్ తిరిగే వేగం చూపే ఆర్‌పీఎం ముల్లు సున్నాకు పడిపోతే, ఇంజన్ తిరుగుడును కనిపెట్టే క్రాంక్ షాఫ్ట్ సెన్సర్ నుంచి గాని, ప్లగ్గుల్లో నిప్పురవ్వ పుట్టించే ఇగ్నిషన్ నుంచి గాని సంకేతం తెగిపోయి ఉండవచ్చు. నా పుస్తకంలో ఏడు నమోదులు ఉన్నాయి. ఏడూ ఇంజన్ బాగా వేడెక్కిన తరువాతే, ముల్లు పడిపోవడంతోనే మొదలయ్యాయి. ఏడుసార్లూ ఇరవై నిమిషాలు చల్లారనిచ్చాకే బండి కదిలింది.

వేడికి ఆగి చల్లారాక నడిచే కార్లలో క్రాంక్ సెన్సర్, ఇగ్నిషన్ కాయిల్, పంపు మోటారు, టంకం బీటలు వారిన రిలే ముందు అనుమానితులు. సెన్సర్ లోపలి సన్నని తీగ చుట్ట వేడికి వ్యాకోచించి ఎక్కడో తెగుతుంది, చల్లారితే మళ్లీ అతుక్కుంటుంది. కార్బురేటరు కార్లలోనైతే గొట్టంలోనే పెట్రోలు ఆవిరై అడ్డుపడటం కూడా ఉంటుంది. సిగ్నల్ దగ్గర మాత్రమే ఆగే బండికి వీటితో పని లేదు. థ్రాటిల్ బాడీకి (ఇంజన్‌లోకి గాలి వెళ్లే ద్వారం) పట్టిన కార్బన్, ఐడ్లింగ్‌లో గాలిని సరిచూసే ఐడిల్ వాల్వు, చిట్లిన వాక్యూమ్ గొట్టం చూసుకోవాలి. గతుకుల్లో ఆగితే బ్యాటరీ టెర్మినళ్లు, ఎర్తు వైరు, అరిగిన ఇగ్నిషన్ స్విచ్చి చూడాలి (తాళం చెవికి గుత్తెడు తాళాలు వేలాడదీసేవారు ఆ బరువు ఎక్కడ పడుతుందో ఒకసారి ఆలోచించాలి). ట్యాంకు మూత తీయగానే గాలి బలంగా లోపలికి పీల్చుకుని, ఆ తరువాత బండి మామూలుగా నడిస్తే, గాలి ఆడే దారి మూసుకుపోయిందన్న మాట.

కారు కంప్యూటరుకు తగిలించే స్కానరులో లోపాన్ని సూచించే కోడ్ లేదంటే లోపం లేదని కాదు. అప్పుడప్పుడు మాత్రమే వచ్చే లోపం కోడ్ పడేంతసేపు నిలవకపోవచ్చు. బండి ఆగిన క్షణంలోనే పక్కకు నిలిపి చేసే పరీక్షకు ఎక్కువ విలువ ఉంది: ప్లగ్గు వైరుకు స్పార్క్ టెస్టరు తగిలించి, మరొకరు స్టార్టరు తిప్పుతుండగా నిప్పురవ్వ వస్తోందో లేదో చూడటం. రవ్వ బలంగా ఉంటే ఇంధన పీడనం కొలవాలి; చాలా పెట్రోలు ఇంజెక్షన్ కార్లలో అది సుమారు 3 బార్, కచ్చితమైన సంఖ్య కారు మాన్యువల్‌లో ఉంటుంది. రవ్వ లేకపోతే పంపు జోలికి వెళ్లనక్కరలేదు. వైరును చేత్తో పట్టుకుని మాత్రం ఎవరూ ఈ పరీక్ష చేయకూడదు. నా కారుకు రవ్వ రాలేదు. మెకానిక్ క్రాంక్ సెన్సర్‌ను ఊడదీసి మీటరు పెడితే చల్లగా ఉన్నంతసేపు సరైన నిరోధమే చూపింది. జుట్టు ఆరబెట్టే యంత్రంతో వేడి చేయగానే సర్క్యూట్ తెగినట్టు చూపింది. అయిదు నిమిషాల పని.

చివరగా, బండి దొర్లుతుండగానే తాళం తీసి మళ్లీ పెట్టి ప్రయత్నించమని మీ సమాధానంలో రాసిన వాక్యం ప్రమాదకరమైనది. తాళం బయటకు లాగితే చాలా కార్లలో స్టీరింగు బిగుసుకుపోతుంది. ఇంజన్ ఆగాక పవర్ స్టీరింగు బరువెక్కుతుంది, బ్రేకు తొక్కడాన్ని తేలిక చేసే బూస్టరులో మిగిలిన వాక్యూమ్ ఒకటి రెండు తొక్కులకే సరిపోతుంది. కాబట్టి హజార్డ్ లైట్లు వేసి, బ్రేకును పదే పదే తొక్కకుండా ఒకే ఒత్తిడితో అదిమి ఉంచి, బండి పూర్తిగా నిలిచిన తరువాతే తాళం ముట్టుకోవాలి. తక్కినవాటి సంగతి ఎలా ఉన్నా, ఆ ఒక్క వాక్యానికి వచ్చే సంచికలోనే సవరణ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాత కారు యజమాని