మైలేజీ అంకె పక్కన గేర్‌బాక్స్ పేరు కూడా రాయాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. కొత్త కారు కొనబోతున్న పాఠకుడొకరు మాన్యువల్ తీసుకోవాలా, ఆటోమేటిక్ తీసుకోవాలా అని అడిగితే, "మైలేజీ ముఖ్యమైతే మాన్యువలే" అని మీ వాహనాల పేజీలో ఒక్క ముక్కలో తేల్చేశారు. నేనూ మాన్యువల్ బండి నడిపేవాణ్ణే. క్లచ్ తొక్కి గేరు మార్చడంలో ఉన్న సరదా వదులుకునే ఉద్దేశం నాకు లేదు. అయినా ఆ జవాబు ఒక తరం కిందటి బళ్లకు సరిపోతుంది తప్ప, ఇప్పుడు షోరూముల్లో ఉన్నవాటికి అతకదు. దాన్ని నమ్మి కొనేవాళ్లు ఏళ్ల తరబడి పెట్రోలు ఖర్చు భరించాలి కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

పాతరోజుల్లో ఆ మాట నిజమే. ఆటోమేటిక్ అంటే అప్పట్లో టార్క్ కన్వర్టర్, దాని వెనక మూడో నాలుగో గేర్లు. టార్క్ కన్వర్టర్‌లో ఇంజిన్‌కీ గేర్లకీ మధ్య గట్టి లంకె ఉండదు. ఇంజిన్ తిప్పే రెక్కల చక్రం ఆయిల్‌ని విసురుతుంది, ఆ విసురుకి ఎదురుగా ఉన్న రెక్కల చక్రం తిరుగుతుంది. బండి లాగుతున్నంతసేపూ ఎదుటి చక్రం కాస్త వెనకబడే తిరుగుతుంది. ఆ తేడాలో పోయిన శక్తి ఆయిల్‌ని వేడెక్కించడానికే సరిపోతుంది. ఆ వేడి తగ్గించడానికి మళ్లీ ఒక కూలర్ పెట్టాలి. ఆయిల్ ఒత్తిడితో గేర్లు మార్చే హైడ్రాలిక్ పంపు కూడా ఇంజిన్ శక్తితోనే నడవాలి. ఇవన్నీ కలిసి మైలేజీని తినేసేవి.

ఇప్పటి టార్క్ కన్వర్టర్‌లో లాకప్ క్లచ్ ఉంటుంది. బండి వేగం అందుకోగానే అది రెండు చక్రాలనూ కలిపి బిగించేస్తుంది. ఇక జారుడు ఉండదు, ఇంజిన్ నేరుగా గేర్లను తిప్పుతుంది. కావాలంటే కళ్లారా చూడొచ్చు. ఖాళీ రోడ్డు మీద ఒకే వేగంతో పోతున్నప్పుడు ఆర్పీఎం ముల్లు (ఇంజిన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోందో చూపేది) మీద కన్నేసి ఉంచండి (నడిపేవాళ్లు వద్దు, పక్క సీట్లో ఉన్నవాళ్లు చూస్తే చాలు). గేరు మారకుండానే ముల్లు ఒకచోట కొద్దిగా కిందికి దిగి నిలబడుతుంది. లాకప్ పడిందన్నమాట. ఈ ఏర్పాటు ప్యాకార్డ్ కంపెనీ 1949లోనే చేసింది. చమురు సంక్షోభం వచ్చి పెట్రోలు విలువ తెలిశాక, 1970ల చివర్లో గానీ మామూలు కార్లకు చేరలేదు.

రెండో మార్పు గేర్ల సంఖ్య. జర్మనీకి చెందిన జెడ్ఎఫ్ కంపెనీ ఎనిమిది గేర్ల ఆటోమేటిక్‌ను 2009లో తెచ్చింది. తర్వాత తొమ్మిది, పది గేర్లవీ వచ్చాయి. మాన్యువల్ బండికి అన్ని గేర్లు పెడితే మార్చేవాడికి చేతులు నొప్పులు పుడతాయి, అందుకే అవి చాలావరకు ఐదారు దగ్గరే ఆగిపోయాయి. పైగా చిన్న ఎత్తు వచ్చినప్పుడల్లా గేరు దించాల్సిన అవసరం రాకూడదని చాలా మాన్యువల్ బళ్లలో టాప్ గేరును కాస్త పొట్టిగానే, అంటే అదే వేగానికి ఇంజిన్ ఎక్కువసార్లు తిరిగేలా పెడతారు. ఆటోమేటిక్‌కి ఆ మొహమాటం లేదు, కావాలంటే క్షణంలో తనే గేరు దించుకుంటుంది కాబట్టి టాప్ గేరు ఎంత పొడుగ్గా ఉన్నా ఫర్వాలేదు. దాంతో హైవే మీద అదే వేగానికి ఇంజిన్ తక్కువసార్లు తిరుగుతుంది. పెట్రోలు ఇంజిన్‌ని ఎక్కువ ఆర్పీఎంలో, యాక్సిలరేటర్ కొంచెమే తొక్కి నడపడమంటే ముక్కు సగం మూసుకుని పరుగెత్తడమే. గాలి పీల్చుకోవడానికే శక్తి కొంత పోతుంది, లోపలి రాపిడికి ఇంకొంత పోతుంది. అదే పని తక్కువ ఆర్పీఎంలో, థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలి వదిలే తలుపు) బాగా తెరిచి చేస్తే ఆ నష్టం తగ్గుతుంది.

ఇదంతా ఒక్క రకం ఆటోమేటిక్ గురించే. అసలు చిక్కు ఏమిటంటే, ఆ పేరు కింద అమ్ముతున్నవి నాలుగు వేర్వేరు యంత్రాలు. ఏఎంటీనే (ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్) తీసుకోండి. అది లోపల అచ్చంగా మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కే కాలి పనీ గేరు మార్చే చేతి పనీ మోటార్లు చేస్తాయి, అంతే. గేరు మారేటప్పుడు బండి ఒక్కసారి తల ఊపినట్టు ఆగి కదలడం విసుగ్గానే ఉంటుంది గానీ, గేర్ల దగ్గర పోయే శక్తి మాన్యువల్‌తో సమానం. ఆటోమేటిక్ గనక దానికి మైలేజీ తక్కువ అనడంలో అర్థం లేదు. రెండు క్లచ్‌ల డీసీటీ (డ్యూయల్ క్లచ్ ట్రాన్స్‌మిషన్) కూడా ఆ వంశంలోదే.

సీవీటీ (కంటిన్యువస్లీ వేరియబుల్ ట్రాన్స్‌మిషన్) తీరు వేరు. దానికి గేర్లే లేవు, రెండు పుల్లీలు, మధ్యలో ఒక స్టీలు బెల్టు. ఆ పుల్లీల వెడల్పు మారుస్తూ, బండి వేగం ఎంతున్నా ఇంజిన్‌ని దానికి అనువైన ఆర్పీఎంలో ఉంచగలదు. అందువల్ల ఆగుతూ కదులుతూ సాగే ట్రాఫిక్‌లో బాగా పొదుపు చేస్తుంది. బెల్టు జారకుండా ఉండాలంటే పుల్లీలను హైడ్రాలిక్ ఒత్తిడితో గట్టిగా నొక్కి పట్టాలి, ఆ ఒత్తిడికి శక్తి కావాలి. హైవే మీద పోతున్నప్పుడు మంచి మాన్యువల్ దాన్ని దాటిపోవడానికి ఈ బెల్టు ఖర్చు ఒక కారణం. సిటీలోనే తిరిగేవారికి ఒక జవాబు, రోజంతా హైవే మీద ఉండేవారికి ఇంకో జవాబు చెప్పాలి. మీ పేజీలో ఇద్దరికీ ఒకటే చెప్పారు.

ఇక కంపెనీలు చెప్పే మైలేజీ అంకెల సంగతి. ఈ పరీక్షలు రోడ్డు మీద జరగవు. ల్యాబ్‌లో రోలర్ల మీద బండి ఎక్కించి, ఎదురుగా తెర మీద కనిపించే గీత ప్రకారం డ్రైవరు వేగం పెంచుతూ తగ్గిస్తూ పోతాడు. యూరప్‌లో చాలాకాలం నడిచిన ఎన్ఈడీసీ పరీక్షలో మాన్యువల్ బళ్లన్నింటికీ ఒకే గేర్ల పట్టిక ఉండేది. బండి ఏదైనా సరే, గంటకు 15 కిలోమీటర్ల వేగం దగ్గర రెండో గేరు, 35 దగ్గర మూడో గేరు. ఆటోమేటిక్ మాత్రం తన ఇష్టం వచ్చినప్పుడు మార్చుకోవచ్చు. 2017లో మొదలైన డబ్ల్యూఎల్‌టీపీ పరీక్షలో ఈ తిరకాసు పోయింది. ఇప్పుడు ప్రతి బండికీ దాని ఇంజిన్ శక్తి, బరువు, గేర్ల నిష్పత్తులను బట్టి ఏ క్షణంలో ఏ గేరు ఉండాలో లెక్కగట్టి ఇస్తారు. పద్ధతి మెరుగే. దానివల్ల ఇంకో తేడా పుట్టింది, దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఆటోమేటిక్ విషయంలో ల్యాబ్‌లో గేర్లు మార్చిన కంప్యూటరే మన చేతికొచ్చిన బండిలోనూ ఉంటుంది. మాన్యువల్‌కి వచ్చేసరికి ల్యాబ్‌లో గేరు ఎప్పుడు మార్చాలో చెప్పింది లెక్క, రోడ్డు మీద మార్చేది మనం.

మనం ఎలా మారుస్తామో ఏ కారులో కూర్చున్నా కనబడుతుంది. ఇంజిన్ అరుస్తున్నా మూడో గేరులోనే లాగేవాళ్లు ఉన్నారు. టాప్ గేరు వేసి, ఇంజిన్ వణుకుతున్నా దించకుండా, యాక్సిలరేటర్ అడుగంటా తొక్కితే మైలేజీ వస్తుందని నమ్మేవాళ్లూ ఉన్నారు. దిగుడులో న్యూట్రల్ వేస్తే పెట్రోలు మిగులుతుందన్న నమ్మకం అయితే ఇంటింటా ఉంది. కార్బ్యురేటర్ కాలంలో అది ఎలా ఉన్నా, కంప్యూటర్ లెక్క ప్రకారం ఇంజెక్టర్లు పెట్రోలు చిమ్మే ఇప్పటి బళ్లలో గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తే ఇంజెక్టర్లు పెట్రోలు పూర్తిగా ఆపేస్తాయి, చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతాయి. న్యూట్రల్ వేస్తే ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి మళ్లీ పెట్రోలు పోయాలి. బండి మీద అదుపు తగ్గడం దానికి అదనం. ఈ చిన్న సంగతి కూడా డ్రైవింగ్ స్కూళ్లలో చెప్పరు. స్టీరింగ్ తిప్పడం, రివర్స్ తీయడం వస్తే పాసైనట్టే.

గేరు ఎప్పుడు మార్చాలో డ్యాష్‌బోర్డు మీద బాణం గుర్తుతో చెప్పే ఇండికేటర్‌ని యూరోపియన్ యూనియన్ 2014 నుంచి కొత్త మాన్యువల్ కార్లన్నింటికీ తప్పనిసరి చేసింది. 2021 నుంచి అక్కడి కొత్త పెట్రోలు, డీజిల్ కార్లు తాము నిజంగా ఎంత ఇంధనం తాగాయో లోపల నమోదు చేసుకోవాలి. ఆ లెక్కలను యూరోపియన్ కమిషన్ 2024లో బయటపెడితే, రోడ్డు మీది ఖర్చు ల్యాబ్ అంకె కంటే సుమారు 20 శాతం ఎక్కువ తేలింది. ఇందులో మాన్యువల్ వాటా ఎంత, ఒక్కో రకం ఆటోమేటిక్ వాటా ఎంత అని విడగొట్టి చెబితేనే కొనేవాడికి పనికొస్తుంది.

ప్రభుత్వాలు చేయాల్సింది పెద్ద పనేం కాదు. షోరూములో కారు మీద అంటించే మైలేజీ కాగితం మీద "ఆటోమేటిక్" అని వదిలేయకుండా టార్క్ కన్వర్టరా, సీవీటీనా, డీసీటీనా, ఏఎంటీనా రాయించాలి. సిటీ అంకె, హైవే అంకె విడివిడిగా వేయించాలి. రెండూ కలిపి ఒక సగటు ఇస్తే అది ఎవరి ప్రయాణానికీ సరిపోదు. కార్లు నమోదు చేసే అసలు ఖర్చును గేర్‌బాక్స్ రకం వారీగా ఏటా ప్రచురించాలి.

మీ పత్రిక చేయగలిగింది ఇంకా తేలిక. కార్ల సమీక్షల్లో మైలేజీ రాసేటప్పుడు ఏ రకం గేర్‌బాక్సో పేరు పెట్టి రాయండి, ఆ అంకె ల్యాబ్‌దో మీ డ్రైవరు రోడ్డు మీద తీసిందో చెప్పండి. ఆ పాఠకుడు ఇంకా కారు కొని ఉండకపోతే, రోజూ సిటీలో తిరుగుతారా, హైవే మీదా అని ముందు ఆయన్ని అడిగి అప్పుడు జవాబు వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు