వార్షిక నివేదిక 2024–25: అడవి శిబిరం, దాని తర్వాతి పది నెలలు

సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు మన సంక్షేమ సంఘం చేసిన పనుల నివేదిక ఇది. మామూలు పనుల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. బోరు మోటారు మార్చాం, పార్కులో లైట్లు వేయించాం, వినాయక చవితికి మట్టి విగ్రహమే పెట్టాం, రక్తదాన శిబిరం జరిపాం. ఆడిట్ అయిన జమాఖర్చుల పట్టిక దీనితో పాటే పంపుతున్నాం. దయచేసి చదివి సమావేశానికి రండి. అక్కడికొచ్చి చదవడం మొదలుపెడితే రాత్రి పదవుతుంది.

ఈసారి ఎక్కువ చోటు వేసవి శిబిరానికే ఇస్తున్నాను. ఏడాదంతా నన్ను లిఫ్టులో ఆపి, వాకింగ్‌లో ఆపి అడిగింది దాని గురించే. మెచ్చుకున్నవాళ్లున్నారు. "మన చందా డబ్బులతో బస్తీ పిల్లలకు పిక్నిక్ ఏంటండీ" అన్నవాళ్లూ ఉన్నారు. ఇద్దరికీ ఇదే జవాబు.

మన కాలనీ వెనక గోడ దాటితే మూసీ ఒడ్డు బస్తీ. అక్కడి మగపిల్లలు, పన్నెండేళ్ల నుంచి పదహారేళ్ల లోపువాళ్లు, బడి సెలవులివ్వగానే ఏం చేస్తారో మనకు తెలుసు. మెకానిక్ షెడ్డులో హెల్పరుగా చేరతారు, లేదంటే పెళ్లిళ్లలో కేటరింగ్‌కు వెళతారు. రాత్రి రెండింటిదాకా ప్లేట్లు తీసి, మిగిలిన బిర్యానీ కవర్లో కట్టించుకుని ఇంటికొస్తారు. చేతిలో డబ్బులు ఆడటం మొదలయ్యాక జూన్‌లో కొందరు మళ్లీ బడి గుమ్మం తొక్కరు. శిబిరం ఆలోచన పుట్టింది ఇక్కడే. వాళ్లను మంచివాళ్లుగా మార్చేద్దామని మొదలుపెట్టలేదు. వాళ్లు చెడ్డవాళ్లని ఎవరన్నారు?

ఒక విషయం ఒప్పుకోవాలి. ఇంతమంది పిల్లలు రావడం మన ప్రచారం గొప్పేమీ కాదు. 2024 మే, జూన్ నెలల్లో గురు మూఢం, శుక్ర మూఢం కలిసొచ్చి ముహూర్తాలే లేవు. పెళ్లిళ్లు లేకపోతే కేటరింగ్ లేదు. ఇంట్లో ఖాళీగా ఉన్నాడు, పోనీలే తీసుకెళ్లండి అన్నారు తల్లులు. ఈ 2025 మే నెలలో ముహూర్తాలు దండిగా ఉన్నాయి. దీని సంగతి చివర్లో చెబుతాను.

మే 13న పోలింగ్ ముగిసేదాకా ఆగాల్సి వచ్చింది. మన వాలంటీర్లలో సగం మంది టీచర్లు, అందరికీ ఎలక్షన్ డ్యూటీలు. అది అవగానే బయలుదేరాం.

కాలనీ పిల్లల్నీ కలిపి తీసుకెళ్లాలా అన్నదానిపై కమిటీలో గట్టి వాదనే నడిచింది. బస్తీ పిల్లల్ని మాత్రమే తీసుకెళితే అది దానం అవుతుంది, వాళ్లకూ అలాగే అనిపిస్తుంది అన్నది ఒక మాట. మా అబ్బాయి బూతులు నేర్చుకొస్తాడన్నది ఇంకో మాట. ఆ అబ్బాయి నోట ఏ బూతులు వస్తాయో క్రికెట్ గ్రౌండ్ పక్కన ఉండేవాళ్లకు తెలుసు. 1907 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో బేడెన్ పావెల్ పెట్టిన మొదటి స్కౌట్ శిబిరంలో ఉన్నది ఇరవై చిల్లర మంది పిల్లలే. వాళ్లలో కొందరు పెద్దింటి పిల్లలు చదివే బడుల నుంచి, మిగతావాళ్లు పనివాళ్ల ఇళ్ల నుంచి వచ్చారు. కావాలనే అలా కలిపాడు. మేమూ చీటీలు తీసి టెంట్లు కేటాయించాం. ముగ్గురు కాలనీ తల్లిదండ్రులు పిల్లల్ని వెనక్కి తీసుకున్నారు. మిగిలినవాళ్లు పంపారు.

మొదట భువనగిరి. ఒకే రాయితో ఐదొందల అడుగులకు పైగా లేచిన కొండ, దాని మీద చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి కోట. రాయెక్కడం నేర్పే శిక్షణ అక్కడే ఉంది. మే నెల ఎండలో రాయి మీద చెయ్యి ఆనించలేం. అందుకని తెల్లారకముందే బయలుదేరి, తొమ్మిదయ్యేసరికి తాళ్లు దించేయాల్సిందే. కొండ అంచున తేనెపట్లుంటే అటు ఎక్కనివ్వలేదు, అరవనివ్వలేదు.

2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. నేపాల్ వైపు నుంచి ఎక్కాలంటే పదహారేళ్లు నిండాలి కాబట్టి టిబెట్ వైపు నుంచి వెళ్లారు. వాళ్లు మొదటి పాఠాలు నేర్చుకున్నది ఈ భువనగిరి రాయి మీదే. ఇన్‌స్ట్రక్టర్ ఇది చెప్పగానే పిల్లలు చప్పట్లు కొడతారనుకున్నాం. "సార్, ఎక్కితే ఏం జాబ్ వస్తది?" అన్నాడొకడు. ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు గానీ, నాకు నచ్చిన ప్రశ్న అదే.

ఎక్కడం కంటే నాకు ముఖ్యమనిపించింది కింద జరిగేది. పైకి ఎక్కేవాడి నడుముకు కట్టిన తాడు, కొండ మీది కొక్కెం గుండా వచ్చి కింద నిలబడ్డ ఇంకొకడి చేతిలో ఉంటుంది. దీన్ని బిలే అంటారు. పైవాడు అడుగు వేసిన కొద్దీ కిందివాడు తాడు లాగి బిగిస్తుండాలి. కాలు జారితే ఆపాల్సింది వీడే. బ్రేకు చెయ్యి ఒక్క క్షణం కూడా వదలకూడదు. ఇన్‌స్ట్రక్టర్ పక్కనే ఇంకో పట్టు పట్టుకుని ఉంటాడు, అయినా భారం కుర్రాడి చేతికి తెలుస్తుంది. బస్తీలో కొట్లాటలకు పేరున్న తొమ్మిదో తరగతి పిల్లాడొకడు మన డాక్టరుగారి అబ్బాయి తాడు పట్టుకున్నాడు. పైవాడు భయపడి ఏడుస్తుంటే, "ఏం కాదురా, నేను పట్టుకున్నా" అని దిగేదాకా అంటూనే ఉన్నాడు. ఆ కుర్రాడికి అంతవరకు ఎవరూ ఇంత విలువైనది అప్పజెప్పి ఉండరు. నడవడిక పాఠం చెబితే ఎక్కుతుందో లేదో నాకు తెలీదు. ఇంకొకరి ప్రాణం కాసేపు చేతిలో పెడితే మాత్రం పిల్లాడు నిలబడే తీరు మారుతుంది.

అక్కడి నుంచి అనంతగిరి. వికారాబాద్ పక్కన అడవి, అనంత పద్మనాభస్వామి గుడి. ఎండుటాకుల కాలం కదా, మంటలు వేయకూడదు. క్యాంప్‌ఫైర్ అనుకుని వచ్చిన పిల్లల మొహాలు వాడిపోయాయి. వంట గ్యాస్ పొయ్యి మీదే. పాముకాటు మందు ఏ ఆస్పత్రిలో ఉందో ముందే కనుక్కుని, బండి సిద్ధంగా పెట్టుకున్నాం. అదృష్టవశాత్తూ అవసరం రాలేదు. కోతులు మాత్రం మొదటిరోజే అరటిపళ్లన్నీ ఎత్తుకుపోయాయి.

వంట దగ్గర తలకిందులైంది లెక్క. ఉల్లిపాయ తరగడం రాని కాలనీ పిల్లలు నిలబడి చూస్తుంటే, కేటరింగ్ చేసిన కుర్రాళ్లు అంతమందికి ఉప్మా రవ్వ ఎంత, నీళ్లెంత అని కొలత లేకుండా చెప్పేశారు. పదిహేనేళ్లవాడు చెఫ్ అయ్యాడు, మిగతావాళ్లు వాడి మాట విన్నారు. చీకటి విషయంలో మాత్రం అందరూ ఒకటే. వీధి దీపాల కింద పెరిగినవాళ్లు, రాత్రి టాయిలెట్‌కి ఒక్కరూ ఒంటరిగా వెళ్లలేదు. ఫోన్లు మా దగ్గర ఉన్నాయి కాబట్టి టార్చ్ ఇవ్వమని బతిమాలారు.

మూసీ పుట్టేది ఈ అనంతగిరి కొండల్లోనే. ఇక్కడి నుంచి హైదరాబాద్ మీదుగా సుమారు 240 కిలోమీటర్లు పారి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. వేసవిలో అక్కడ చూడ్డానికి ఏమంత నీళ్లుండవు. అయినా ఇదే మీ ఇంటి వెనక పారే మూసీ అంటే నమ్మలేదు. "కంపు ఏదన్నా మరి?" అని అడిగారు. మురుగు ఎక్కడెక్కడి నుంచి కలుస్తుందో వరసగా చెప్పుకుంటూ వస్తే, మన కాలనీ నాలా పేరు కూడా వచ్చింది. ఈ విషయం కమిటీ దృష్టికి తెస్తున్నాను.

శిబిరం తర్వాత ప్రతి ఆదివారం పార్కులో కలవాలన్నది ఒప్పందం. చదువు, ఆట, నెలకోసారి కొండ. ఆగస్టు దాకా బాగా సాగింది. సెప్టెంబరు చివర్లో మూసీ ఒడ్డు ఇళ్ల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాశారు, అంటే నది గర్భంలో ఉన్న ఇల్లు, తీసేయాల్సిందని గుర్తు. తర్వాత కొన్ని కుటుంబాలు డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లకు తరలిపోయాయి. ఆ టెన్షన్‌లో పిల్లలు ఆదివారాలకు ఎలా వస్తారు? ఇల్లు ఉంటుందో లేదో తెలియని పిల్లాడికి ధైర్యం గురించి మనం చెప్పేదేముంది? ఇద్దరు పిల్లలు ఇల్లు మారాక తిరిగి బడిలో చేరలేదు, మన వాలంటీర్ ఒకరు తిరిగి తిరిగి వాళ్లను కొత్త చోట బడిలో వేశారు. నా లెక్కలో ఈ ఏడాది మన సంఘం చేసిన అతిపెద్ద పని అదే. దానికి ఫోటోలు లేవు.

ఫలితాలు అంటే ఏం చెప్పను? శిబిరానికి వచ్చిన ప్రతివాడూ మారిపోయాడని రాస్తే మీరే నవ్వుతారు. విద్యా పరిశోధకుడు జాన్ హాటీ బృందం 1997లో ఇలాంటి సాహస శిబిరాల మీద వచ్చిన 96 అధ్యయనాలను కలిపి చూసింది. ఇరవై రోజులు దాటిన శిబిరాలకే ఫలితం ఎక్కువని తేలింది. మనది అంత పొడవు కాదు. అందుకే నేను ఆదివారాలను పట్టుకుని వేలాడుతున్నాను. కొందరు పెద్దలు మిలిటరీ పద్ధతిలో, ఉదయమే పరేడ్‌తో గట్టిగా నడపమన్నారు. అమెరికాలో నేరాలు చేసిన పిల్లల కోసం అలాంటి బూట్ క్యాంపులు చాలానే నడిపారు. మళ్లీ నేరం చేయడం వాటివల్ల తగ్గలేదని సమీక్షలు తేల్చాయి. మన పిల్లలు నేరస్తులు కూడా కారు. ఆ సలహాను సవినయంగా పక్కన పెట్టాం.

మహిళా సభ్యులు ఒక మాట అడిగారు. పూర్ణ కథ చెప్పి మగపిల్లల్నే తీసుకెళ్లడమేమిటని. రాత్రి బసకు తగినంతమంది మహిళా వాలంటీర్లు లేరన్నది మా కారణం. వాళ్లిప్పుడు తామే వస్తామంటున్నారు. ఈసారి ఆడపిల్లలకు విడిగా ఒక బ్యాచ్ పెట్టే ప్రతిపాదన సమావేశం ముందుకొస్తుంది.

ఇక ముహూర్తాల సంగతి. ఈ మే నెలలో కేటరింగ్‌కు వెళ్లే పిల్లాడు శిబిరానికి వస్తే ఆ రోజుల కూలి పోతుంది. ఆ డబ్బు ఇంట్లో అద్దెకో, చెల్లి ఫీజుకో లెక్కలో ఉంటుంది. ఊరికే రమ్మంటే రాడు, రాకపోతే వాడిది సోమరితనం కాదు. పోయిన కూలిలో సగమైనా తల్లి చేతికి సంఘం ఇవ్వాలని నా ప్రతిపాదన. పిల్లల చేత పని చేయించడాన్ని ప్రోత్సహించినట్టవుతుందని కోశాధికారి గారి అభ్యంతరం. అది బడి తెరిచాక హాజరుకు ముడిపెట్టి ఇస్తే సరిపోతుందని నేనంటున్నాను. మా ఇద్దరికీ కుదరలేదు, మీరే ఓటు వేసి తేల్చండి.

పాత స్పోర్ట్స్ షూలు 6, 7 సైజులవి ఉంటే వాచ్‌మన్ గదిలో ఇవ్వగలరు. చెప్పులతో రాయెక్కనివ్వరు. వాలంటీర్లుగా రాదలచినవాళ్లు ప్రథమ చికిత్స శిక్షణకు ముందుగా పేర్లివ్వాలి. అది లేనివాళ్లను ఈసారి తీసుకెళ్లం, ఎంత పాత సభ్యులైనా సరే.

ఇట్లు,
కార్యదర్శి