చెవి వెనక నుంచా, చెవిలోంచా?

ఎడిటర్ గారికి,

వినికిడి నరం పక్కన పెరిగే గడ్డ, అకౌస్టిక్ న్యూరోమా గురించి మీరు వేసిన వ్యాసం బాగుంది, కానీ ఆపరేషన్ అంటే అన్నీ ఒకటే అన్నట్టు రాశారు. అక్కడే తేడా అంతా ఉంది. చెవి వెనక పుర్రె తెరిచి వెళ్తే (రెట్రోసిగ్మాయిడ్) గడ్డ పెద్దదైనా తీయొచ్చు, వినికిడి మిగిలే అవకాశమూ ఉంటుంది, కాకపోతే తర్వాత కొందరిని తలనొప్పి చాన్నాళ్లు వదలదు. లోపలి చెవిని తొలిచి వెళ్లే ట్రాన్స్‌లాబిరింథైన్ పద్ధతిలో ఆ చెవిలో వినికిడి పూర్తిగా పోతుంది, అయితే చిన్నమెదడును పెద్దగా పక్కకు నెట్టక్కర్లేదు, ముఖాన్ని కదిలించే ముఖ నరం ముందే కంటికి దొరుకుతుంది. చెవి పైనుంచి వెళ్లే మిడిల్ ఫోసా చిన్న గడ్డలకే.

మా అక్కకూ ఈ గడ్డే వచ్చింది, ఆ చెవి అప్పటికే దాదాపు పనిచేయట్లేదు, ఫోన్ ఎప్పుడూ రెండో చెవికే పెట్టేది, అందుకే రెండో పద్ధతికి సరే అన్నాం. మెలకువ రాగానే డాక్టర్ "కళ్లు గట్టిగా మూయండి, పళ్లు చూపించండి" అన్నప్పుడు మా టెన్షన్ చూడాలి! రెండు కళ్లూ మూసుకున్నాయి, ముఖ నరం బాగానే ఉందన్నమాట.

ఇంకోటి, ఇది క్యాన్సర్ కాదు, చాలామందిలో మెల్లగా పెరుగుతుంది. చిన్నదైతే ఎంఆర్‌ఐ తీస్తూ గమనించడం, రేడియేషన్ ఇవ్వడం కూడా దారులే. వాటికి మీరు ఒక్క వాక్యమైనా ఇవ్వలేదు.

- ఒక పాఠకురాలు